ఐ3 చాలా, ఐ7 కావాలా?

డిగ్రీ చదివే తమ్ముడికి డెస్క్‌టాప్ కొనాలి, ఇంటెల్ ప్రాసెసర్లలో (కంప్యూటర్‌కి మెదడు లాంటి చిప్) ఐ3 చాలా, ఐ7 కావాలా అని ఒకరు అడిగారు. ఆ 3, 7 కన్నా వాటి తర్వాత వచ్చే నంబర్ ముఖ్యం. పాత ల్యాప్‌టాప్‌లలోని ఐ7-7500యూకి కోర్లు (చిప్‌లో లెక్కలు చేసే భాగాలు) రెండే, ఐ3-12100కి నాలుగు. పేరు గొప్ప, ఊరు దిబ్బ!

ఆన్‌లైన్ క్లాసులకీ, ఎక్సెల్‌కీ, కోడింగ్ నేర్చుకోడానికీ ఆ ఐ3 హాయిగా సరిపోతుంది. మిగిలిన డబ్బు 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే వేగమైన డ్రైవ్) మీద పెట్టండి. వీడియో ఎడిటింగ్ కూడా చేస్తాడంటే 6 కోర్ల ఐ5-12400 గానీ, ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5600జీ గానీ చూడండి.

ఒక్క జాగ్రత్త. కాస్త తక్కువకి వస్తుందని షాపువాళ్లు ఐ5-12400 బదులు 12400ఎఫ్ అంటగడతారు. చివర ఎఫ్ ఉంటే ప్రాసెసర్ లోపల గ్రాఫిక్స్ (తెరకి బొమ్మ పంపే భాగం) ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, మానిటర్‌లో మాత్రం బొమ్మ రాదు. నేనలాగే ఒక సాయంత్రమంతా కేబుల్ మార్చి మార్చి చూశాను.