అమెరికాలో అలబామా రాష్ట్రంలోని లౌండ్స్ కౌంటీ (మన జిల్లా లాంటిది) గురించి ఎందుకంత చెప్పుకుంటారు?

సెల్మా, మాంట్‌గోమరీల మధ్య 80వ నంబర్ హైవే మీద వచ్చే పల్లెటూళ్ల కౌంటీ ఇది. 2020 లెక్కల్లో జనం 10,311 మందే, ఎక్కువమంది నల్లజాతివాళ్లు. నేల మన నల్లరేగడి లాంటిది, నీళ్లు తొందరగా ఇంకవు, దాంతో సెప్టిక్ ట్యాంకులు పనిచేయక చాలా ఇళ్ల వెనక మురుగు పైకి తేలుతుంది.

అసలు కథ రాజకీయాలది. 1965 మొదట్లో జనాభాలో ఐదింట నాలుగు వంతులున్న నల్లవాళ్లలో ఒక్కరికీ ఓటు లేదు! ఓటుహక్కు చట్టం వచ్చాక సొంత పార్టీ పెట్టుకున్నారు. చదువురానివాళ్ల కోసం బ్యాలెట్ మీద గుర్తు కావాలి కదా, తెల్లవాళ్ల చేతిలో ఉన్న అక్కడి డెమోక్రాటిక్ పార్టీది కోడిపుంజు, వీళ్లదేమో నల్ల చిరుత. తర్వాత కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో నల్లవాళ్ల హక్కుల కోసం పుట్టిన బ్లాక్ పాంథర్ పార్టీ తీసుకున్నది ఈ గుర్తునే. 1966లో అభ్యర్థులంతా ఓడినా, 1970లో ఆ పార్టీ పెట్టినవాళ్లలో ఒకడైన జాన్ హ్యూలెట్ షెరీఫ్‌గా (కౌంటీ పోలీసు అధికారిగా) గెలిచాడు. ఇప్పుడు రాష్ట్రం రిపబ్లికన్లదే, లౌండ్స్ మాత్రం ఒకప్పుడు తాము ఎదిరించిన ఆ డెమోక్రాట్లకే ఓటు వేస్తుంది.