ఇంటర్వెల్‌లో ఆత్మ వచ్చాక డిటెక్టివ్ కథ తేలిపోతోందన్న ప్రశ్నకు

లోపం మీ స్క్రిప్ట్ మొదటి పది నిమిషాల్లోనే ఉంది. విశాఖ వన్‌టౌన్ డిటెక్టివ్ గంటసేపు ఆధారాలు వెతికాక, హతుడి ఆత్మ వచ్చి హంతకుడి పేరు చెప్పేస్తే చదివినవాళ్లు "మోసం" అనరా మరి?

1. చిల్లంగి (చేతబడి) పనిచేసే లోకమని మొదటి సీన్‌లోనే చూపించండి. ఫిషింగ్ హార్బర్‌లో పడవకు కట్టిన తాయెత్తు పోయిందనే చిన్న కేసు చాలు.

2. చాలామంది వదిలేసేది ఇదే: మంత్రానికి ఒక హద్దు, ఒక ఖరీదు. ఆత్మ తను బతికుండగా తనకు తెలిసిందే చెప్పాలి. వెనక నుంచి పొడిచినవాణ్ణి అది చూడలేదు, కిళ్లీ వాసన మాత్రం గుర్తుంది. ఆ వాసన పట్టుకుని కురుపాం మార్కెట్ సందులన్నీ తిరగాల్సింది డిటెక్టివే. ఆత్మను పిలిచిన ప్రతిసారీ అతని జ్ఞాపకం ఒకటి చెరిగిపోవాలి. నోయిర్‌కి, అంటే ఇలాంటి చీకటి నేర కథలకి, ప్రాణం ఆ నష్టమే.

1991 నాటి 'కాస్ట్ ఎ డెడ్లీ స్పెల్' సినిమా చూడండి. 1948 లాస్ ఏంజెలెస్‌లో అందరూ మంత్రాలు వాడతారు, డిటెక్టివ్ మాత్రం ముట్టుకోడు. ఆ మొండితనంతోనే పాత్ర నిలబడింది. నాకు చాలా ఇష్టం.

3. హత్యకు కారణం మాత్రం మనిషిదే కావాలి: డబ్బు, స్థలం, అసూయ.

ముందు రెండోది రాయండి. తర్వాత ఇంటర్వెల్ సీన్‌లో ఆత్మ చెప్పే పేరు కొట్టేసి, దాని బదులు ఆ వాసన పెట్టండి.