ఓవర్‌టేక్ చలానా: జరిమానా కట్టేస్తే తీరిపోతుందా?

ఈ వారం బెంగళూరు తెలుగు పాఠకుల నుంచి వచ్చిన లేఖల్లో మూడింటిలో ప్రశ్న దాదాపు ఒకటే. ముందు బండిని దాటరాని చోట దాటినందుకు, లేదా దాటరాని తీరులో దాటినందుకు చలానా వచ్చింది, ఇప్పుడేం చేయాలి? మొదటి లేఖ రాసిన పాఠకుడి బతుకుతెరువే డ్రైవింగు కనుక ఆయనకు వివరంగా జవాబిచ్చి, మిగతా ఇద్దరికీ అవసరమైనంతవరకు చెబుతున్నాను.

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. మారతహళ్ళిలో ఉంటూ ఒక ట్రావెల్స్ యజమాని దగ్గర పసుపు బోర్డు కారు నడుపుతున్నాను. పోయిన వారం మహదేవపుర దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు మీద ముందున్న సిటీ బస్సు స్టాపు కోసం నెమ్మదిస్తుంటే, ఎడమ పక్కన సందు కనిపించి దాటేశాను. కాస్త ముందర ట్రాఫిక్ ఎస్‌ఐ గారు ఆపి, లైసెన్సు తీసుకొని, చీటీ చేతిలో పెట్టి, కేసు కోర్టుకు పోతుందని చెప్పారు. చీటీ మీద 184 అని ఉంది. తోటి డ్రైవర్లు ‘వెయ్యి కట్టేసి వచ్చెయ్, అంతకు మించి ఏమీ ఉండదు’ అంటున్నారు. ఆ చీటీ చూపించి బండి నడపవచ్చా సార్? జరిమానా కట్టేస్తే ఇక దీని జోలి ఉండదా? – పేరు వద్దన్న పాఠకుడు, మారతహళ్ళి

జవాబు: మీ తోటి డ్రైవర్ల మాటలో నిజం సగమే ఉంది, మీకు నష్టం తెచ్చేది మిగతా సగం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 184వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగుకు శిక్ష చెబుతుంది. 2019లో చట్టాన్ని సవరించినప్పుడు ఎర్ర లైటు దాటడం, ఫోను చేత్తో పట్టుకొని నడపడం, ఎదురు దిశలో రావడం వంటి వాటితో పాటు చట్టానికి విరుద్ధంగా ఇతర వాహనాలను దాటడాన్ని కూడా ఈ సెక్షన్ వివరణలో పేరు పెట్టి చేర్చారు. ఆ సవరణ అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉంది. మొదటిసారి నేరానికి ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు, లేదా 1,000 రూపాయలకు తగ్గకుండా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఎవరికీ దెబ్బ తగలని కేసులో, మొదటిసారి దొరికిన మనిషికి మేజిస్ట్రేటు మామూలుగా జరిమానాతోనే సరిపెడతారు కనుక మీ వాళ్ళు చెప్పే వెయ్యి గాలిలోంచి పుట్టింది కాదు, అది చట్టంలోని కనీస జరిమానా. అయితే మూడేళ్ళు తిరగకముందే మళ్ళీ ఇదే సెక్షన్ కింద దొరికితే శిక్ష రెండేళ్ళ దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అవుతుంది. రోజూ పన్నెండు గంటలు ఈ ఊరి రోడ్ల మీద తిరిగే మీలాంటివారికి మూడేళ్ళు చాలా పొడుగైన కాలం.

మీరు చేసింది తప్పేనా అన్నది ముందు చూద్దాం. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ రెగ్యులేషన్ల ప్రకారం ముందున్న బండిని కుడివైపు నుంచే దాటాలి. ఆ బండి కుడికి తిరగబోతున్నట్టు సైగ చేసి రోడ్డు మధ్యకు జరిగినప్పుడు ఎడమ నుంచి పోవచ్చు. బస్సు పూర్తిగా ఆగిపోయి ఉంటే, ఆగిన బండి పక్కనుంచి పోవడం ఓవర్‌టేక్ కిందికి రాదని వాదించే వకీళ్ళు లేకపోలేదు. కానీ బస్సు నెమ్మదిస్తుండగా దాటానని మీరే రాశారు. పైగా బస్సులోంచి జనం దిగేది ఎడమ తలుపు నుంచే. ఆ వాదన మీ కేసులో నిలబడుతుందని నేను అనుకోవడం లేదు.

ఇక చీటీ మీది సెక్షన్ విషయం. ఇదే ఓవర్‌టేక్‌ను రెగ్యులేషన్ల ఉల్లంఘన అని మాత్రమే రాసి ఉంటే 177ఏ సెక్షన్ వర్తించి, 500 నుంచి 1,000 రూపాయల జరిమానాతో పోయేది. 184 వేశారు కనుక కథ వేరుగా నడుస్తుంది. హెల్మెట్, సీటు బెల్టు వంటి చాలా తప్పులకు అధికారి దగ్గరే నిర్ణీత సొమ్ము కట్టి కేసు మూసుకొనే వెసులుబాటు 200వ సెక్షన్ ఇస్తోంది. ఆ జాబితాలో 184 కూడా ఉంది కానీ, చేత్తో ఫోను పట్టుకొని నడిపిన తప్పు వరకే. తప్పుడు ఓవర్‌టేక్‌కు ఆ దారి లేదు, కోర్టుకు పోవలసిందే. అందుకే ఎస్‌ఐ గారు రోడ్డు మీద మీ దగ్గర డబ్బు తీసుకోలేదు. ఎవరైనా ‘ఇక్కడే ఇచ్చెయ్, చూసుకుంటాను’ అంటే ఆ సొమ్ముకు లెక్కా ఉండదు, మీ కేసూ మూతపడదు. చలానా కన్నడంలో ఉందని చదవకుండా మడిచి జేబులో పెట్టుకొనేవారు మనలో చాలామంది. లిపి మనకు అంత కొత్తది కాదు కనుక ‘కలం’ అన్న మాట పక్కనున్న అంకెను మాత్రం తప్పకుండా చూడాలి.

మీ అసలు ప్రశ్నకు వస్తాను. చీటీ చూపించి నడపవచ్చా అంటే, అది ఏ ఉపసెక్షన్ కింద ఇచ్చారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. 206వ సెక్షన్‌లో రెండు రకాల స్వాధీనాలు ఉన్నాయి. డ్రైవరు పారిపోతాడనో, సమన్లకు దొరకడనో లైసెన్సు తీసుకుంటే, ఆ రసీదు మీద లైసెన్సు తిరిగి వచ్చేదాకా నడపవచ్చునని మూడో ఉపసెక్షన్ చెబుతుంది. 184 వంటి నేరాలకు నాలుగో ఉపసెక్షన్ కింద తీసుకుంటే మాత్రం, రసీదు ఇచ్చినా దానితో బండి నడిపే హక్కు రాదని చట్టమే తేల్చి చెప్పింది. రెండు చీటీలూ చూడటానికి ఒకేలా ఉంటాయి. మీది నాలుగో ఉపసెక్షన్ కిందిదై ఉండటానికే అవకాశం ఎక్కువ కనుక, స్టేషనుకు వెళ్ళి స్పష్టంగా కనుక్కొనే వరకు స్టీరింగు పట్టవద్దు. ఫోనులో డిజీలాకర్ కాపీ ఉంది కదా అన్న ఆలోచన కూడా వద్దు. కార్డు స్వాధీనమయ్యాక దాని ఎలక్ట్రానిక్ నకలు మీకు విడిగా హక్కు ఇవ్వదు.

ఆ లైసెన్సును పోలీసులు లైసెన్సింగ్ అధికారికి పంపుతారు. పోలీసులకు ఉన్నది స్వాధీనం చేసుకొనే అధికారం మాత్రమే. మిమ్మల్ని అనర్హుణ్ణి చేసే అధికారం లైసెన్సింగ్ అధికారిదే, అదీ మీ మాట విన్న తరువాతే. 19వ సెక్షన్ ప్రకారం ఆయన మిమ్మల్ని వదిలేయవచ్చు, లేదా కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి మూడు నెలలు అనర్హుణ్ణి చేయవచ్చు. రెండోసారైతే లైసెన్సునే రద్దు చేయవచ్చు. మూడు నెలలు గడిచాక కూడా రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేస్తేనే కార్డు చేతికి వస్తుంది. కోర్టులో కట్టే వెయ్యికీ దీనికీ సంబంధం లేదు. ఇది విడిగా నడిచే వ్యవహారం. కాబట్టి లైసెన్సింగ్ అధికారి నుంచి నోటీసు వస్తే పారేయకుండా, బండి నడిపి ఇల్లు గడుపుకొనే వాడినని, ఇంతకుముందు ఏ కేసూ లేదని (నిజంగా లేకపోతేనే) రాసుకొని స్వయంగా హాజరవండి. ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే అది అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. లైసెన్సు ఆంధ్రప్రదేశ్‌లో తీసుకున్నది కాబట్టి బెంగళూరు కేసు అక్కడికి చేరదనుకోవద్దు. లైసెన్సుల వివరాలు ఇప్పుడు ‘సారథి’ అనే కేంద్ర ఆన్‌లైన్ వ్యవస్థలో కనిపిస్తాయి.

అనర్హత కాలంలో నడిపితే 182వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అంతకన్నా పెద్ద నష్టం ఇన్సూరెన్సులో ఉంది. అనర్హుడైన డ్రైవరు చేతిలో ప్రమాదం జరిగితే, బాధితులకు చెల్లించిన పరిహారాన్ని కంపెనీ బండి యజమాని నుంచి రాబట్టుకోవడానికి దారి తెరుచుకుంటుంది. మీ యజమాని ‘ఏం కాదు, నడుపు’ అంటే, ఈ ఒక్క సంగతి ఆయన చెవిన వేయండి.

కోర్టులో ఒప్పుకోవాలా, పోరాడాలా? ఒప్పుకొంటే అది నేరనిర్ధారణ అవుతుంది. ఉద్యోగ దరఖాస్తుల్లోనో వీసా దరఖాస్తుల్లోనో శిక్షల గురించి అడిగిన చోట దాన్ని దాచడానికి వీలుండదు. ఇంకొక ముడి 21వ సెక్షన్‌లో ఉంది: ఒకసారి 184 కింద శిక్ష పడిన మనిషి మీద, తరువాత ప్రమాదకరంగా నడిపి ఎవరికైనా మరణం లేదా తీవ్ర గాయం కలిగించాడన్న కేసు నమోదైతే చాలు, ఆ తరగతి బండికి సంబంధించిన లైసెన్సు ఆరు నెలలు నిలిచిపోతుంది, అందుకోసం ఆ రెండో కేసులో తీర్పు వచ్చేదాకా ఆగరు. ఇవన్నీ తెలిసిన తరువాత కూడా, మీరు రాసిన వివరాలను బట్టి, కేసును ఏళ్ళ తరబడి లాగడం వల్ల మీకు ఒరిగేది లేదనే నా అభిప్రాయం. ఒకసారి వకీలుతో మాట్లాడి, 184 బదులు 177ఏ వర్తిస్తుందని చెప్పుకొనే వీలుందేమో చూడండి. లేదంటే ఒప్పుకొని జరిమానా కట్టి, మీ శక్తి అంతా లైసెన్సింగ్ అధికారి ముందు పెట్టండి.

ప్రశ్న: కారు నా పేరు మీద ఉంది. కె.ఆర్.పురం దగ్గర తెగని గీత దాటి ఓవర్‌టేక్ చేసినట్టు కెమెరా చలానా నా ఫోనుకు వచ్చింది. ఆ రోజు నేను నెల్లూరులో అమ్మ దగ్గర ఉన్నాను, కారు తీసుకుపోయింది మా మరిది. ఫోటోలో నంబరు ప్లేటు తప్ప మనిషి కనిపించడం లేదు. కేసు నా మీదికి వస్తుందా అండీ? – ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: నోటీసు మీకు రావడం సహజమే, కెమెరాకు తెలిసేది బండి నంబరు, నంబరును బట్టి దొరికేది యజమాని పేరు. కానీ 184 నడిపినవారి నేరం. 133వ సెక్షన్ ప్రకారం పోలీసులు అడిగినప్పుడు ఆ సమయంలో ఎవరు నడిపారో, వారి చిరునామా, లైసెన్సు వివరాలు చెప్పవలసిన బాధ్యత మీది. చెప్పకపోతే 187వ సెక్షన్ కింద మీరే నేరస్తులవుతారు. ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇంట్లో గొడవ ఎందుకని చాలామంది మౌనంగా తామే కట్టేస్తారు. 184 విషయంలో అది మంచిది కాదు. చేయని తప్పు మీ లెక్కలో పడి, మూడేళ్ళలోపు మీరే ఎక్కడైనా దొరికితే అది రెండోసారి అవుతుంది. మీ మరిదికి చెప్పి, ఆయన వివరాలతో లిఖితపూర్వకంగా జవాబివ్వండి, నెల్లూరు టికెట్టు నకలు జతచేయండి. అయితే ఆయనకు బదులు లైసెన్సు శుభ్రంగా ఉన్న మరొకరి పేరు రాయాలన్న సలహా ఎవరైనా ఇస్తే చెవిన పెట్టవద్దు.

నోటీసునూ పరిశీలించండి. కెమెరా చలానాల కోసం 2021లో కేంద్ర నిబంధనల్లో చేర్చిన 167ఏ ప్రకారం, నేరం స్పష్టంగా కనిపించే ఫోటో, నంబరు ప్లేటు, తేదీ, సమయం, స్థలం, ఉల్లంఘించిన నిబంధన, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సంబంధించిన ధ్రువపత్రం ఉండాలి. ఫోటోలో ప్లేటు ఒక్కటే కనిపించి గీత కనిపించకపోతే, దాటిన గీత తెగనిదో, ముక్కలు ముక్కలుగా ఉన్నదో తేలదు. మీ అభ్యంతరానికి అదే గట్టి ఆధారం. మరొకటి కూడా గుర్తుంచుకోండి: 209వ సెక్షన్ ప్రకారం 184 కేసులో శిక్ష పడాలంటే, నేరం జరిగినప్పుడే ప్రాసిక్యూషన్ గురించి హెచ్చరించి ఉండాలి, లేదా 14 రోజుల్లో నడిపినవారికో యజమానికో నోటీసు పంపి ఉండాలి, లేదా 28 రోజుల్లో సమన్లు అంది ఉండాలి. పేరూ చిరునామా సకాలంలో దొరకలేదని కోర్టు నమ్మితే మినహాయింపు ఉంది. మొదటి పాఠకుడిని ఎస్‌ఐ గారు అక్కడే హెచ్చరించారు కనుక ఆయనకు ఈ అభ్యంతరం పనికిరాదు. మీకు పనికిరావచ్చు, తేదీలు సరిచూసుకోండి. సందేశంలో వచ్చిన లింకు నొక్కే ముందు, అదే చలానా ప్రభుత్వ ఈ-చలానా పోర్టల్‌లో బండి నంబరుతో వెతికితే కనిపిస్తోందో లేదో చూడండి. చలానా పేరుతో ఫోనులోకి యాప్ దించి ఖాతా ఊడ్చేసే మోసాలు ఈ మధ్య బాగా పెరిగాయి.

ప్రశ్న: బైకు మీద లారీని దాటబోయి పక్కనున్న స్కూటరుకు తగిలించాను. ఆ అన్నకు మోచెయ్యి గీరుకుపోయింది. ఆసుపత్రి ఖర్చు ఇచ్చి, ‘ఎటువంటి కేసూ వద్దు’ అని తెల్లకాగితం మీద సంతకం తీసుకున్నాను. ఇది చాలదా? – ఒక విద్యార్థి, ఎలక్ట్రానిక్స్ సిటీ

జవాబు: వైద్యం చేయించడం మీ మంచితనమే కాదు, 134వ సెక్షన్ కింద మీ బాధ్యత కూడా, ఆ సెక్షనే సంగతిని 24 గంటల్లోగా పోలీసులకు తెలియజేయమంటుంది, అది మీరు చేయలేదు. గాయపరిచినందుకు భారతీయ న్యాయ సంహిత 125 కింద కేసు అయితే కోర్టు అనుమతితో రాజీ పడవచ్చు కానీ, నిర్లక్ష్యంగా బండి నడిపినందుకు వేసే 281వ సెక్షన్‌కు రాజీ లేదు. తెల్లకాగితం ఖర్చు ఇచ్చారనడానికి రుజువుగా పనికొస్తుంది, కేసును ఆపలేదు. ఆయన ప్రమాద పరిహారం కోసం ట్రిబ్యునల్‌కు వెళ్ళాలంటే ఆరు నెలల గడువు ఉంది. ఆ లోపు మనసు మార్చుకొనే స్వేచ్ఛ ఆయనకు ఉంటుంది. ఆసుపత్రి బిల్లులు, కాగితం భద్రపరచుకొని, మీ ఇన్సూరెన్సు కంపెనీకి సంగతి ఈ రోజే లిఖితపూర్వకంగా తెలియజేయండి. ఆలస్యంగా అయినా పోలీసు స్టేషనుకు వెళ్ళి చెప్పడం మంచిది; వెళ్ళేటప్పుడు వకీలునో, ఇంటి పెద్దవారినో వెంట తీసుకువెళ్ళండి.