మీరడిగారు: సీసం డబ్బాలోంచి తీసిన ఇంజెక్షన్

ప్రశ్న: మేడమ్ నమస్తే. మా అమ్మకి 62 ఏళ్ళు, రెండేళ్ళ కింద రొమ్ము కాన్సర్ ఆపరేషన్ అయింది. ఈమధ్య నడుం నొప్పి అంటే డాక్టర్ గారు బోన్ స్కాన్ రాశారు. అక్కడ ఇంజెక్షన్ ఇచ్చిన అమ్మాయి సీసం డబ్బాలోంచి సిరంజి తీసి, ఇచ్చేసి, వెంటనే దూరంగా వెళ్ళిపోయింది. అది చూసి అమ్మ బాగా భయపడింది, వారం నుంచి నా రెండేళ్ళ పాపని ఎత్తుకోవట్లేదు. ఆ మందు ఒంట్లో ఉండిపోతుందా? ఇంకోటి, రిపోర్టులో మోకాలి దగ్గర అప్‌టేక్ (అంటే మందు చేరడం) ఎక్కువుందని రాశారు, అంటే అక్కడికి పాకినట్టా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు పాపని తీసుకెళ్ళి మీ అమ్మగారి ఒళ్ళో కూర్చోబెట్టండమ్మా, మిగతాది తర్వాత చదవొచ్చు.

బోన్ స్కాన్‌కి మామూలుగా ఇచ్చేది టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం. ప్రతి 6 గంటలకి అందులో సగం తగ్గిపోతుంది, అంటే ఒక రోజుకి పదహారో వంతు, రెండు రోజులకి 256వ వంతు, అదీ కాక చాలా భాగం మూత్రంలో ముందే బయటికెళ్ళిపోతుంది. వారానికి ఇక లెక్కలోకే రాదు. స్కాన్ రోజు మాత్రం చిన్నపిల్లల్ని గంటల తరబడి ఒళ్ళో పెట్టుకోవద్దని చెప్తాం, అంతే. అసలు ఎక్కించే టెక్నీషియం బరువు కొన్ని నానోగ్రాములే, నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. దాంతో పడే రేడియేషన్ సుమారు 4 మిల్లీసీవర్టులు (ఒంటికి పడే రేడియేషన్‌ని ఇందులోనే కొలుస్తారు), నేల నుంచీ ఆకాశం నుంచీ మనందరికీ మామూలుగా ఏడాదికి సగటున 2.4 దాకా పడుతూనే ఉంటుంది.

ఆ అమ్మాయి దూరం జరిగింది మీ అమ్మగారిని చూసి భయపడి కాదు. మీ అమ్మగారికి అది ఒక్క ఇంజెక్షన్, ఆ అమ్మాయి రోజూ ఎంతమందికో ఇస్తుంది, ఏళ్ళ తరబడి ఇస్తుంది, కొంచెం కొంచెంగా తనకే పోగవుతుంది కదా. దూరం రెట్టింపైతే పడేది నాలుగో వంతే, అందుకే రెండడుగులు వెనక్కి వేయడం మాకు అలవాటు. కానీ ఆ ఒక్క మాట పేషెంటుకి చెప్పకపోవడం మా వాళ్ళ తప్పే, చెప్పుంటే ఒక అమ్మమ్మ వారం రోజులు మనవరాలికి దూరంగా ఉండేది కాదు.

ఇంకో గందరగోళం కూడా ఉంది. థైరాయిడ్ కాన్సర్‌కి అయోడిన్-131 అనే రేడియోధార్మిక మందు ఇచ్చి విడిగా గదిలో ఉంచారని ఎవరో చెప్తే విని జనం అన్నిటికీ అదే అనుకుంటారు, అది కణాల్ని చంపడానికిచ్చే వైద్యం, అది సగం తగ్గడానికే 8 రోజులు పడుతుంది, డోసు కూడా చాలా పెద్దది. ఇది ఫొటో కోసం ఇచ్చేది. స్కాన్ తీసేటప్పుడు పైన తిరిగే గామా కెమెరా కూడా ఒంట్లోకి ఏమీ వదలదు, ఒంట్లోంచి వచ్చే కిరణాల్ని పట్టుకుంటుందంతే, కాబట్టి దాంతో ఇంకో ఫొటో తీశారని రేడియేషన్ పెరగదు, సీటీ కూడా కలిపి తీస్తే మాత్రం దానిది వేరే.

ఇక మోకాలి సంగతి. ఎక్స్‌రేలో ఎముక ఆకారం కనిపిస్తుంది, ఇందులో ఎముక చేస్తున్న పని కనిపిస్తుంది. టెక్నీషియంకి ఎండీపీ అనే ఫాస్ఫేట్ లాంటి మందు జత చేసి ఎక్కిస్తాం, కొత్త ఎముక ఎక్కడ తయారవుతుంటే అక్కడికి అది ఎక్కువగా చేరుతుంది. కాన్సర్ పాకినా చేరుతుంది, విరిగింది అతుక్కుంటున్నా చేరుతుంది, కీలు అరిగినా చేరుతుంది, ఎందుకు చేరిందో మాత్రం స్కాన్‌లో కనిపించే మచ్చ చెప్పదు. 62 ఏళ్ళ మోకాలు అయితే చాలాసార్లు అరుగుదలే, కానీ నేను ఫిల్మ్ చూడకుండా అదే అని చెప్పను, మీ డాక్టర్ గారు అవసరమైతే ఆ చోట ఎక్స్‌రేనో ఎంఆర్ఐనో తీయిస్తారు. నడుం దగ్గర ఏం రాశారో మీరు చెప్పలేదు, స్కాన్ చేయించిందే దానికోసం కాబట్టి ఆ లైను తప్పకుండా అడగండి.

ప్రశ్న: నాన్నకి పెట్ స్కాన్ (కాన్సర్ ఎక్కడుందో చూసే స్కాన్) ఉంది. 6 గంటలు ఏమీ తినొద్దు, ముందు రోజు వ్యాయామం వద్దు, టైముకి తప్పకుండా రావాలి అన్నారు. ఇంత పట్టింపు ఎందుకు? – ఇంకో పాఠకుడు

జవాబు: ఎందుకంటే ఆ మందు చక్కెర లాంటిది. ఎఫ్‌డీజీ అంటారు, గ్లూకోజ్ అనుకుని కణం లోపలికి లాక్కుంటుంది, కానీ పూర్తిగా వాడుకోలేదు, అది అక్కడే ఇరుక్కుపోతుంది. కాన్సర్ కణాలు చాలావరకు గ్లూకోజ్ ఎక్కువ లాగుతాయి కాబట్టి వెలుగుతాయి. తిని వస్తే ఇన్సులిన్ పెరిగి మందంతా కండల్లోకి పోతుంది, వ్యాయామం చేసినా అంతే. షుగర్ ఉంటే ఆ సంగతీ, ఏ మందులు వాడుతున్నారో ముందే చెప్పండి, ఇన్సులిన్ సొంతంగా మానేయొద్దు.

టైము సంగతి, అందులోని రేడియోధార్మిక ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకి సగమైపోతుంది, రేపటికి దాచిపెట్టడం కుదరదు. నాన్నగారు వెళ్ళలేని పరిస్థితి వస్తే వీలైనంత ముందే ఫోన్ చేయండి, ఆ డోసు ఎదురుచూస్తున్న ఇంకొకరికి పనికొస్తుంది.