ఓటు లేకపోయినా ప్రైమరీ వేడి మనకూ తగులుతుంది

ప్రశ్న: అక్కా, నమస్తే. నేను ఎంఎస్ పూర్తిచేసి డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉద్యోగంలో చేరాను. హెచ్‌1బీ వర్క్ వీసా ఈమధ్యే వచ్చింది. 2028 అధ్యక్ష ఎన్నికకు పార్టీల అభ్యర్థులను తేల్చే ప్రైమరీల గురించి మా ఆఫీసులో ఇప్పటినుంచే వాదనలు మొదలయ్యాయి. ఒక్కో పేరు ఎత్తితే చాలు, ఒకే పార్టీవాళ్లు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేస్తున్నారు. సొంత పార్టీనే చీల్చే అలాంటి అభ్యర్థి ముందుకొస్తే మన వీసాల గతేంటని టెన్షన్‌గా ఉంది. ఆ మాటల్లో మనం కలగజేసుకోవచ్చా? మా బాబాయి ఇక్కడ సిటిజన్. ఓటేయడానికి వెళ్లేటప్పుడు తోడు రమ్మంటారు. వెళ్లొచ్చా?

తమ్ముడూ,

నీ ప్రశ్న చదివితే 2016 మొదటి నెలలు గుర్తొచ్చాయి. అప్పుడు రిపబ్లికన్ పార్టీ టికెట్ కోసం 17 మంది బరిలోకి దిగారు. గవర్నర్లు, సెనేటర్లు, ఒక మాజీ అధ్యక్షుడి కొడుకు జెబ్ బుష్. వాళ్లందరినీ దాటి సర్వేల్లో ముందుకొచ్చింది అంతకుముందు ఏ పదవికీ ఎన్నిక కాని డొనాల్డ్ ట్రంప్. ఆయనంటే ప్రాణం పెట్టేవాళ్లు, ఆయన పేరు వింటేనే మండిపడేవాళ్లు, ఇద్దరూ ఒకే పార్టీలో ఉండేవారు. కొత్తగా వచ్చిన మనవాళ్లకు ఇది అంతుపట్టేది కాదు. మన దగ్గర టికెట్ ఎవరికివ్వాలో పైవాళ్లే తేలుస్తారు, బీ ఫారం చేతికొస్తుంది, కార్యకర్త జెండా మోస్తాడు. ఇక్కడ అధ్యక్ష అభ్యర్థి ఎవరో తేల్చేది ఊరూరా ఉన్న మామూలు ఓటర్లు. అందుకే ఆ గొడవ ఆఫీసు లంచ్ టేబుల్ దాకా వస్తుంది.

మా టీమ్‌లో అప్పట్లో ముగ్గురు రిపబ్లికన్లు ఉండేవారు. ఒకావిడ ప్రతి ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్తుంది, మా టెక్సస్ సెనేటర్ టెడ్ క్రూజ్‌కే ఓటు. ట్రంప్ ఆడవాళ్ల గురించి మాట్లాడే తీరు విన్న మనవరాలికి ఏమని సర్దిచెప్పాలని అడిగేది. రెండో ఆయన ఒహాయో నుంచి వచ్చినవాడు. వాళ్ల గవర్నర్ జాన్ కేసిక్ తప్ప వేదిక మీద ఒక్కరూ పెద్దమనిషిలా మాట్లాడటం లేదని బాధపడేవాడు. మూడో ఆయన డేటాబేస్ పని చూసేవాడు. ఆయన ఓటు ట్రంప్‌కే. కారణం కూడా దాచుకోలేదు. ఆయన బావమరిదిని కంపెనీవాళ్లు ఉద్యోగంలోంచి తీసేస్తూ, వెళ్లేముందు ఆ పనంతా హెచ్‌1బీ మీద వచ్చినవాళ్లకు నేర్పించి వెళ్లమన్నారట.

ఆయన ఈ సంగతి చెబుతున్నప్పుడు టేబుల్ దగ్గర మనవాళ్లం నలుగురం ఉన్నాం. ముగ్గురం డబ్బాల్లోకి తలలు దించుకున్నాం. కొత్తగా చేరిన అబ్బాయి మాత్రం 'స్కిల్ ఉంటే కంపెనీ ఎందుకు పంపిస్తుంది?' అనేశాడు. ఆయన మొహం ఎర్రబడింది. ప్లేటు తీసుకుని లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్య పలకరింపు కూడా లేదు. సాయంత్రం నేను వెళ్లి, మీ బావమరిదికి మళ్లీ ఉద్యోగం దొరికిందా అని అడిగాను. దొరికిందట. జీతం బాగా తక్కువట. పిల్లల స్కూలు మధ్యలో ఉండగానే ఇల్లు అమ్ముకోవాల్సి వచ్చిందట. కోపం నీమీద కాదమ్మా అని కూడా అన్నాడు. ట్రంప్ మాట తీరు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అయినా ఆ ఇంటికి జరిగిన నష్టం నిజం. ఎవరు ఎవరికి ఓటేస్తారన్నది చాలాసార్లు ఇలాంటి చోటే తేలిపోతుంది. నువ్వు ఆ మాటల్లో కలగజేసుకోవచ్చా అంటే, తప్పకుండా కూర్చో, అడుగు, విను. 'మీకు ఆయనెందుకు నచ్చాడు?' అని నిజంగా తెలుసుకోవాలని అడిగితే ఇక్కడివాళ్లు చాలా ఓపిగ్గా చెబుతారు. తీర్పు మాత్రం చెప్పకు, అదీ వాళ్ల కష్టం మీద అసలు చెప్పకు.

మన వీసా ఒక్కటే లెక్క అనుకోవద్దని కూడా చెప్పాలి. 2015 డిసెంబరులో ముస్లింలను దేశంలోకి రానివ్వకూడదని ట్రంప్ ప్రకటించినప్పుడు, మా కాలనీలో ఉండే హైదరాబాదీ స్నేహితురాలు అమ్మానాన్నల టికెట్లు బుక్ చేయాలా వద్దా అని రోజూ నన్ను అడిగేది. అదే వారం మన వాట్సాప్ గ్రూపులో కొందరు ఆ ప్రకటనకు చప్పట్లు కొట్టారు. ఆ గ్రూపులో ఆవిడ కూడా ఉంది. ఏదైనా టైప్ చేసే ముందు ఆ గ్రూపులో ఎవరెవరున్నారో ఒక్కసారి తలుచుకో.

ఇక అలాంటి అభ్యర్థి ముందుకొస్తే అన్నావు. ముందుకు ఎలా వస్తారో చూడు. 2016లో మొదటి పోటీ అయోవాలో గెలిచింది క్రూజ్. న్యూహాంప్‌షైర్‌లో ట్రంప్ గెలిచాడు, 35 శాతం ఓట్లతో. సౌత్ కరోలినాలో వచ్చింది 32.5 శాతమే, అంటే ముగ్గురిలో ఇద్దరు ఆయనకు ఓటెయ్యలేదు. అయినా అక్కడి 50 మంది డెలిగేట్లూ, అంటే పార్టీ సభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు, ఆయన ఖాతాలోకే వెళ్లారు, ఎందుకంటే రాష్ట్రంలోనూ, ఒక్కో కాంగ్రెస్ నియోజకవర్గంలోనూ మొదటి స్థానం ఎవరిదైతే డెలిగేట్లంతా వాళ్లకే. ఆయన్ని వద్దనుకున్నవాళ్ల ఓట్లు క్రూజ్, అప్పటి ఫ్లోరిడా సెనేటర్ రూబియో, కేసిక్, బుష్‌ల మధ్య చీలిపోయాయి. త్రిముఖ పోటీలు చూసి పెరిగినవాడివి, ఈ లెక్క నీకు కొత్త కాదు. మార్చి 1న మా టెక్సస్‌లో 155 మంది డెలిగేట్లలో 104 మంది క్రూజ్‌కి వచ్చారు. సరిగ్గా రెండు వారాలకే ఫ్లోరిడాలో 99 మందికి 99 మందీ ట్రంప్‌కి. టికెట్ దక్కాలంటే కావలసింది 1,237 మంది డెలిగేట్లు. మే 3న ఇండియానాలో ఓడిపోగానే క్రూజ్ తప్పుకున్నాడు, మర్నాడు కేసిక్. కాబట్టి ఫిబ్రవరిలో ఒక రాష్ట్రం ఫలితం చూసి, అమెరికా అంతా మనకు ఎదురు తిరిగిందని అర్ధరాత్రి ఇంటికి ఫోన్ చేసి అమ్మానాన్నలను భయపెట్టకు.

వీసాల మాట కూడా ఇలాగే. 2016 మార్చి 3న డెట్రాయిట్ డిబేట్‌లో, ప్రతిభ ఉన్నవాళ్లు కావాలి కాబట్టి తన వైఖరి మెత్తబడుతోందని ట్రంప్ అన్నాడు. మనవాళ్లు హమ్మయ్య అనుకునేలోపే, అదే రాత్రి హెచ్‌1బీని గట్టిగా తప్పుబడుతూ ప్రకటన వచ్చింది. అవతల క్రూజ్ హెచ్‌1బీకి కనీస జీతం 1,10,000 డాలర్లు ఉండాలని అప్పటికే బిల్లు తెచ్చాడు. డెమోక్రాట్లలో బెర్నీ శాండర్స్‌కి కూడా ఈ వీసా తీరు నచ్చదు. గెలిచాక జరిగింది వేరు. 2017 ఏప్రిల్‌లో అమెరికన్లకే ఉద్యోగాలంటూ ఉత్తర్వు, కంపెనీలు వేసే వీసా పిటిషన్ల మీద ప్రశ్నల వర్షం. హెచ్‌1బీ వాళ్ల భార్యాభర్తలకు ఇచ్చే హెచ్‌4 వీసా మీద ఉన్నవాళ్ల వర్క్ పర్మిట్లు తీసేస్తామన్నారు, భార్యలందరూ ఏళ్ల తరబడి నిద్రలేకుండా గడిపారు, చివరికి ఆ నిబంధన తీయలేదు. 2020 జూన్‌లో కొత్త హెచ్‌1బీల రాకను ఆపారు. 2025 సెప్టెంబరులో కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు. 2016 డిబేట్లలో ఈ ఫీజు ఊసే లేదు. డిబేట్ చూసి ఇల్లు కొనాలనో మానాలనో నిర్ణయించుకోకు. కాగితాలు సరిగ్గా పెట్టుకో, ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకో, ఏదైనా ఉత్తర్వు వస్తే లాయరుని అడుగు.

భయం ఉత్తదే అని మాత్రం నీకు చెప్పలేను. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేతాలో ఒక బార్‌లో కూర్చున్న మన తెలుగు ఇంజనీరును, నా దేశం విడిచిపో అని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. ఆపబోయిన తెల్ల యువకుడికీ తూటా తగిలింది. ఆ రోజుల్లో పార్కులో తెలుగులో మాట్లాడొద్దని ఇళ్లలో చెప్పుకున్నాం. వాదన వేడెక్కి అవతలి మనిషి గొంతు మారిందనిపిస్తే, అక్కడ గెలవాలని చూడకు. లేచి వచ్చెయ్. దాన్ని ఎవరూ పిరికితనం అనరు.

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సినవి. డ్రైవింగ్ లైసెన్సుకి డీపీఎస్ ఆఫీసుకి వెళ్తే, సిటిజన్ అయితే ఓటరుగా నమోదు కావాలనుకుంటున్నారా అనే ప్రశ్న ఫారంలో ఉంటుంది. హడావిడిలో దానికి అవునని టిక్ పెట్టకు. సిటిజన్ కానివాడు సిటిజన్‌నని చెప్పుకుంటే, ఓటేస్తే ఇంకా ఘోరం, గ్రీన్‌కార్డు దారి శాశ్వతంగా మూసుకుపోవచ్చు, దేశం నుంచి పంపేయొచ్చు. పొరపాటున పెట్టాననిపిస్తే ఎవరికీ చెప్పకుండా కూర్చోకు, వెంటనే ఇమిగ్రేషన్ లాయరు దగ్గరికి వెళ్లు. రెండోది డబ్బు. గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఏ అభ్యర్థికీ ఒక్క డాలరు ఇవ్వకూడదు. ప్రచార వెబ్‌సైటులో టోపీ కొన్నా చందా కిందే లెక్క. జీతం తీసుకోకుండా స్వచ్ఛందంగా సాయం చేయడానికి చట్టం ఒప్పుకుంటుంది, కానీ వీసా మీద కొత్తగా ఉన్నవాడికి నేను ఆ సలహా ఇవ్వను. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్‌కి వెళ్లేవాళ్ల సోషల్ మీడియా ఖాతాలు కూడా ఇప్పుడు చూస్తున్నారు, కోపంలో రాసిన మాట అక్కడే ఉండిపోతుంది.

బాబాయిగారి సంగతి. కారు నడిపి తీసుకెళ్లు, మంచి పని. టెక్సస్‌లో ఓటరు నమోదప్పుడు పార్టీ పేరు చెప్పక్కర్లేదు, పోలింగ్ టేబుల్ దగ్గర ఏ పార్టీ బ్యాలెట్ కావాలని అడుగుతారు. ఒకసారి ఒక పార్టీది తీసుకుంటే ఆ ఏడాది రనాఫ్‌లో, అంటే రెండో విడత ప్రైమరీ ఓటింగ్‌లో, రెండో పార్టీకి మారలేరు, నవంబరులో మాత్రం ఎవరికైనా వేసుకోవచ్చు. ఈ సంగతి ఆయనకు ముందే గుర్తుచెయ్యి. న్యూయార్క్‌లో ఉండే చుట్టాలకైతే ఇంకా ముందే చెప్పాలి. 2016లో అక్కడ పార్టీ నమోదు గడువు అంతకుముందు అక్టోబరులోనే అయిపోయింది, ట్రంప్ సొంత పిల్లలు ఇవాంకా, ఎరిక్ కూడా తండ్రికి ప్రైమరీలో ఓటెయ్యలేకపోయారు. బాబాయిగారి తలమీద అభ్యర్థి పేరున్న టోపీ ఉంటే కార్లోనే తీయించు, పోలింగ్ కేంద్రానికి వంద అడుగుల లోపల అవి కుదరవు. లోపల ఫోన్ వాడకూడదు, ఆయన ఫోన్ నీ దగ్గరే ఉంచు. నువ్వు లోపలికి వెళ్లకు, బయట పార్కింగ్‌లో ఉండు. ఎవరికి వేశారని ఆయన చెబితే విను, నువ్వుగా అడగకు.