పశువుల సాలలో జీడిపిక్కల పని: పంచాయతీ నోటీసుకు ఏం జవాబివ్వాలి?

ప్రశ్న: పలాస మండలంలో మా జిరాయితీ పొలంలో ధాన్యానికి, పశువులకు రేకుల షెడ్డు వేశాం. రెండేళ్లుగా జీడిపిక్కల వ్యాపారికి అద్దెకిచ్చాం. అక్కడే పిక్కలు ఉడకబెట్టి కోస్తున్నారు. అనుమతి లేదని, 7 రోజుల్లో ఆపకపోతే షెడ్డు కూల్చేస్తామని పంచాయతీ నోటీసు వచ్చింది. కోర్టుకెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. కానీ ముందు నోటీసుకు రాతపూర్వకంగా జవాబివ్వండి. కార్యదర్శికి నోటిమాటగా చెప్పి ఊరుకుంటే ఫైల్లో ‘జవాబు లేదు’ అనే పడుతుంది.

మీ ధాన్యం, మీ పశువులు ఉన్నంతవరకు అది సాగు షెడ్డే. బాయిలరు దిగిన రోజు నుంచి పరిశ్రమ. 1994 పంచాయతీరాజ్ చట్టంలో కట్టడానికి సెక్షన్ 121 కింద, యంత్రాలకు సెక్షన్ 120 కింద వేర్వేరు అనుమతులు కావాలి. సాగు భూమిని వేరే అవసరాలకు మార్చుకోవడానికి ఉన్న నాలా చట్టం 2025లో రద్దయింది కదా, ఇక ఏ కాగితమూ అక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఈ అనుమతులు అలాగే ఉన్నాయి.

వీటన్నిటికన్నా నాకు భయం కరెంటు గురించి. షెడ్డుకు వ్యవసాయ బోరు కరెంటు సర్వీసు నుంచి వైరు లాగి ఉంటే ఇవాళే తీయించండి. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద, వాడిన కేటగిరీ రేటుకు రెట్టింపు వేస్తారు. ఎప్పటి నుంచో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకూ లెక్కగడతారు. తాత్కాలిక అంచనా అందిన 30 రోజుల్లో ఆఖరి ఉత్తర్వు ఇవ్వాలి, కాబట్టి అభ్యంతరం వెంటనే వేయండి. ఆఖరి ఉత్తర్వుపై అప్పీలుకు సగం సొమ్ము ముందే కట్టాలి. దురుద్దేశంతో వాడారని తేలితే సెక్షన్ 135 కింద కరెంటు దొంగతనం కేసే.

జవాబులో సర్వే నంబరు, షెడ్డు కొలతలు, కట్టిన సంవత్సరం, పని ఆపిన తేదీ రాయండి. 1బి, అడంగల్ (భూమి రికార్డుల) నకళ్లు, బాయిలరు తీసేశాక తీసిన ఫోటోలు, అనుమతి దరఖాస్తు రసీదు జతచేయండి. పంచాయతీలో ఇచ్చి మీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. మరో ప్రతి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అడంగల్‌లో డి-పట్టా (ప్రభుత్వం పంచి ఇచ్చిన అసైన్డ్ భూమి) అని కనబడితే మాత్రం ముందు వకీలుకు చూపించండి. అలాంటి భూమి బదిలీని నిషేధించే 1977 చట్టం లీజును కూడా బదిలీగానే చూస్తుంది.

ఇక కూల్చివేత. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి, కట్టడానికి అంటించాలి, 15 రోజులు గడువివ్వాలి, మీ మాట వినాలి. 7 రోజులు చాలవని జవాబులోనే రాయండి. రోడ్డు మీదికో, చెరువు లోపలికో జరిగిన కట్టడానికి ఈ రక్షణ లేదు కాబట్టి సర్వేయరుతో హద్దులు కొలిపించండి.

వ్యాపారికి కూడా పని ఆపమని రాతపూర్వకంగా ఇచ్చి సంతకం తీసుకోండి. పట్టాదారు మీరు, ఆయన పిక్కలు ఎత్తుకుని వెళ్లిపోయినా నోటీసులు మీ పేరు మీదే వస్తాయి.