సిండ్రెల్లా సినిమాలో ఆ సవతి తల్లి ఎవరు?

ప్రశ్న: 1947 నాటి రష్యన్ సిండ్రెల్లా సినిమా నెట్‌లో దొరికితే మా పాపతో కలిసి చూశానండి. సవతి తల్లిగా వేసినావిడ తెర మీద ఉన్నంతసేపూ మా కళ్ళు ఇంకెవరి మీదకీ పోలేదు. ఎవరావిడ? అంత బాగా చేసే మనిషి హీరోయిన్ ఎందుకు కాలేదు? - ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆవిడ పేరు ఫైనా రనేవ్‌స్కయా అండి. మీరు అడిగారు కదా, నాకు ప్రాణం లేచొచ్చినట్టుంది, ఎందుకంటే ఆవిడ గురించి ఎవరైనా అడిగితే బాగుణ్ణని ఎప్పట్నుంచో అనుకుంటున్నా.

1896లో రష్యాలోని తగన్‌రోగ్ అనే ఊళ్ళో పుట్టింది, అదే ఊళ్ళో పుట్టినవాడే రచయిత చెహోవ్ కూడా. బాగా డబ్బున్న యూదుల కుటుంబం, ఇంటిపేరు ఫెల్డ్‌మన్. రనేవ్‌స్కయా అన్నది చెహోవ్ నాటకం 'చెర్రీ తోట'లో నాయిక పేరు, దాన్నే తన పేరుగా పెట్టుకుంది. 1917లో ఇంట్లోవాళ్ళు దేశం విడిచి వెళ్ళిపోతే ఈవిడ మాత్రం నాటకాల కోసం ఒంటరిగా ఉండిపోయింది. పావ్లా వూల్ఫ్ అనే నటి దగ్గర పని నేర్చుకుని ఏళ్ళ తరబడి చిన్న చిన్న ఊళ్ళ నాటక కంపెనీల్లో తిరిగింది. మొదటి సినిమా 1934లో, మిఖాయిల్ రోమ్ తీసిన మూకీ. అప్పటికే వయసు నలభైకి దగ్గర పడింది, పొడుగు మనిషి, పెద్ద ముక్కు, బొంగురు గొంతు, ఇక హీరోయిన్ వేషం ఎవరిస్తారు చెప్పండి.

కానీ మొహం ఒక్కటే కారణం అనుకోవద్దు. దర్శకుడు ఐజెన్‌స్టీన్ తన సినిమా 'ఇవాన్ ద టెరిబుల్'లో ఎఫ్రోసీన్యా అనే పెద్ద పాత్రకి ఈవిడే కావాలని పట్టుబట్టాడు, సినిమా శాఖ పెద్ద మాత్రం 1942లో, ఈవిడ మొహంలో యూదు పోలికలు క్లోజప్‌లో బాగా తెలిసిపోతాయని కాగితం మీద రాసి మరీ వద్దన్నాడు. నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి ఇది. అదే దేశం తర్వాత మూడుసార్లు స్టాలిన్ బహుమతి ఇచ్చింది, 1961లో 'సోవియట్ ప్రజా కళాకారిణి' అనే బిరుదూ ఇచ్చింది, ఆ పోయిన పాత్ర మాత్రం పోయినట్టే కదా.

ఇంకో బాధ ఉంది. 1939లో 'పాడ్‌కీదిష్' అని పిల్లల సినిమా తీశారు, తప్పిపోయిన చిన్నపాప కథ. అందులో మొగుణ్ణి గద్దిస్తూ "మూల్యా, నన్ను చికాకు పెట్టకు" అనే డైలాగ్ ఈవిడది. అంతే, దేశం మొత్తానికి ఈవిడ మూల్యా అయిపోయింది. యుద్ధం రోజుల్లో తాష్కెంట్‌లో కవయిత్రి ఆన్నా అఖ్మతోవాతో కలిసి నడుస్తుంటే కూడా పిల్లలు వెంటపడి అదే అరిచేవాళ్ళట. ఆ డైలాగ్‌ని ఆవిడ జన్మంతా అసహ్యించుకుంది. అన్నేళ్ళు నాటకాల్లో కష్టపడిన మనిషిని ఒక్క ముక్కకి కుదించేస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

మీరు చూసిన సిండ్రెల్లా సంగతి చెప్పాలి. రచయిత యెవ్‌గేనీ ష్వార్ట్స్ తన మాటల్లో ఒక్క అక్షరం మారిస్తే ఊరుకునేవాడు కాదట, ఈవిడకి మాత్రం సొంతంగా కలుపుకోవడానికి వదిలేశాడు. ఆ ఈకల టోపీ, అద్దం ముందు ఆ వయ్యారం చూస్తే ఎందుకు వదిలేశాడో మీకే తెలుస్తుంది.

సినిమాల్లో ఆవిడకి దొరికిన నిజమైన పెద్ద పాత్ర అంటే నా లెక్కలో ఒక్కటే, రోమ్ తీసిన 'మెచ్తా', అంటే 'కల'. 1941లో తీశారు, యుద్ధం వచ్చిపడటంతో 1943కి గానీ విడుదల కాలేదు. కొడుకు మీద ప్రాణాలన్నీ పెట్టుకున్న లాడ్జి యజమానురాలు రోజా, పైసా పైసా లెక్కపెట్టే మనిషి. మొదట్లో ఒళ్ళు మండుతుంది, చివర్లో జైలు ఊచల సీన్ దగ్గర నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

1969లో డెబ్భై దాటాక మాస్కోలో మొసోవెట్ థియేటర్‌లో 'ఆ తర్వాత నిశ్శబ్దం' అనే నాటకం వేసింది. ముసలి భార్యాభర్తలు, ఐదుగురు పిల్లలు, ఇద్దర్నీ కలిపి ఉంచుకోవడానికి ఒక్కరూ ముందుకు రారు, చెరో చోటికీ పంపేస్తారు. మన ఇళ్ళలో ఈ కథ తెలియంది ఎవరికండి? భర్తగా రొస్తిస్లావ్ ప్లాట్ వేశాడు. టీవీ కోసం రికార్డ్ చేశారు కాబట్టి ఇప్పటికీ చూడొచ్చు.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు, ముసలితనంలో వీధికుక్కని తెచ్చి 'కుర్రాడు' అని పేరు పెట్టి పెంచుకుంది. 1984 జులైలో మాస్కోలో పోయింది. పాపతో అయితే 1970 నాటి కార్ల్సన్ కార్టూన్ చూడండి, ఇల్లు చూసుకునే ఫ్రోకెన్ బాక్ గొంతు ఆవిడదే. 'మెచ్తా' మాత్రం పాప పడుకున్నాక మీరొక్కరే కూర్చుని చూడండి.